రుద్దుడు ఎవరిది, రంగు ఎవరిది?

మెదక్ పట్టణంలో కారు మీద గీత పడితే మొన్నటిదాకా దారులు మూడే. ఊళ్లోని డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుకు ఇవ్వడం, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు వెళ్లి ఓవెన్ బూత్ ఉన్న పెద్ద వర్క్‌షాపులో అప్పగించడం, లేదంటే గీతను గీతలాగే వదిలేయడం. ఇప్పుడు నాలుగో దారి ఒకటి తెరుచుకుంది. ఫోన్లో వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో రంగు డబ్బా తెప్పించుకుని, ఇంటి ముందే పని మొదలుపెట్టడం. ఈ సంవాదం ఆ నాలుగో దారి గురించి. మాట్లాడే ఇద్దరూ కల్పితులే. ఒకరు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే లెక్చరర్, మరొకరు కార్లకు రంగులేసే పెయింటరు. వాళ్ల నోట వచ్చే లెక్కలు, చట్టాలు, రసాయనాలు మాత్రం కల్పితాలు కావు. నా మొగ్గు ఎటో దాచడం ఎందుకు? లెక్చరర్ వైపే. కాకపోతే ఆమె మొదలుపెట్టిన చోట కాదు, పెయింటరు ఆమెను తెచ్చి నిలబెట్టిన చోట.

పెయింటరు: మేడం, గిరాకీ పోతుందన్న బాధ నాకుంది, దాచను. దాని సంగతి తర్వాత చూద్దాం, ముందు పని సంగతి మాట్లాడుకుందాం. కారు రంగంటే ఒక్క పొర కాదు. ఫ్యాక్టరీలో బాడీని మొత్తంగా రంగు తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి మొదటి పొర పట్టిస్తారు. దాన్ని 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. దాని మీద ప్రైమర్, ఆ మీద రంగు, అన్నిటికన్నా పైన అద్దంలాంటి లక్కరు. ఇన్ని పొరలూ కలిపితే 100, 120 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. అందులో లక్కరు వాటా 40, 50 మైక్రాన్లకు మించదు. అంత పలచని దాని మీద మీరు ఎమరీ పేపరు పట్టుకుని కూర్చుంటే, ఎక్కడ ఆగాలో తెలిసేలోపే ఇనుము బయటపడుతుంది. ఈ పనికి ఐటీఐలో ఏడాది కోర్సే పెట్టారు. షెడ్డులో చేరిన పిల్లాడికైనా ముందు రుద్దే పనే ఇస్తారు, చాన్నాళ్లదాకా రంగు చిమ్మే గన్ చేతికివ్వరు. రెండు వీడియోలు చూసి వచ్చేదైతే మాకెందుకు ఇన్నేళ్లు?

లెక్చరర్: మీరు నాకు ఎదురుగా చెప్పిన మాటే నాకు ఆధారం, అన్నా. కొత్త పిల్లాడికి ముందు రుద్దే పని ఇస్తారన్నారు. ఎందుకంటే పనిలో సింహభాగం అదే. ఇది నా ఊహ కాదు, ఇన్సూరెన్సు వాళ్ల లెక్క కూడా అలాగే ఉంది. మామూలు కారు పాలసీలో పెయింటింగ్ బిల్లు మీద తరుగు కోసేటప్పుడు, సామగ్రి ఖరీదులో మాత్రమే 50 శాతం తీసేస్తారు. సామగ్రి ఎంతో, కూలీ ఎంతో బిల్లులో విడిగా రాయకపోతే, మొత్తంలో 25 శాతాన్నే సామగ్రి కింద లెక్కగడతారు. అంటే మిగతా 75 శాతం మనిషి శ్రమ, జాగ, సమయం అని ఆ రంగమే ఒప్పుకున్నట్టు. ఇంకో లెక్క చూడండి. ఏడాదిపాటు క్లెయిము లేకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం రాయితీ వస్తుంది, వరసగా ఐదేళ్లు లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. బంపరు మీది గీతకు ఒక్క క్లెయిము పెడితే మళ్లీ సున్నా నుంచి మొదలు. పైగా 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు ఎలాగూ మనమే పెట్టుకోవాలి. అందుకే చిన్న గీతకు క్లెయిము పెట్టేవాళ్లు తక్కువ, షెడ్డుకు వెళ్లడానికీ వెనకాడతారు. గీత ఇనుము దాకా దిగితే ఆ సందులోంచి తుప్పు మొదలవుతుంది. నేను నేర్చుకుంటానన్నది అలా ఎవరూ పట్టించుకోని గీతల పని. ఇక ఫ్యాక్టరీ ఓవెన్ సంగతి. సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ బిగించేసిన కారును 160 డిగ్రీల్లో ఎవరూ కాల్చలేరు. పెద్ద వర్క్‌షాపు బూత్‌లో వేడి 60 డిగ్రీల దగ్గరే ఉంటుంది. బూత్ లేని షెడ్డులో అదీ ఉండదు, ఎండే దిక్కు. ఆ షెడ్డుకూ నా ఇంటి వాకిలికీ తేడా యంత్రంలో లేదు కదా!

పెయింటరు: అయితే నా మూడొంతుల కూలీ మీద కన్నేశారన్నమాట. సరే, కానీ యంత్రంలో లేని తేడా చేతిలో ఉంది మేడం. రంగు కలవడం సంగతే తీసుకోండి. బానెట్ కింద ప్లేటు మీద రంగు కోడు ఉంటుంది, మారుతి తెలుపుకు 26యు అని ఉన్నట్టు. ఆ కోడు చెప్పి డబ్బా కొంటే సరిపోతుందని మీరనుకుంటారు. ఆరేళ్లు ఎండలో నిలబడ్డ తెలుపు, డబ్బాలోని తెలుపు ఒకటి కావు. ఇక సిల్వర్ అయితే చెప్పనే అక్కర్లేదు. అందులో అల్యూమినియం రేకు ముక్కలు ఉంటాయి. గన్ దగ్గరగా పెట్టి తడిగా కొడితే అవి లోపలికి మునిగి రంగు ముదురుగా కనిపిస్తుంది. దూరం నుంచి పొడిగా కొడితే తేలి తెల్లబడుతుంది. అందుకే మేం గీత ఉన్నంత మేర కొట్టం. ప్యానెల్ మొత్తం కొడతాం, పక్క ప్యానెల్‌లోకి కాస్త కరిగిస్తాం. ఇక మన మెదక్ గాలి ఎలాంటిది? ఘనపూర్ ఆనకట్ట కింద వరి కోతలు మొదలైతే రోడ్ల మీదంతా వడ్లు ఆరబోస్తారు, పొట్టు, దుమ్ము గాల్లోనే ఉంటాయి. వానాకాలంలో గాలిలోని తేమకు రంగు పాలు విరిగినట్టు తెల్లబారుతుంది. మే నెల ఎండలో రంగు గన్‌లోంచి బయలుదేరి రేకు మీద వాలేలోపే ఆరి గరుకుగా పడుతుంది. చలికాలం పొద్దున రేకు మీద మంచు. ఏడాదిలో ఇంటి ముందు రంగు కొట్టడానికి పనికొచ్చే గంటలు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి.

లెక్చరర్: సిల్వర్ సంగతి ఒప్పుకుంటున్నాను. ముత్యపు తెలుపు సంగతీ అంతే. కొత్తవాళ్లు వాటి జోలికి పోకూడదు. మెరుపు కలపని సాదా తెలుపు, సాదా ఎరుపు, బంపరు కింది అంచు, తలుపు కింది భాగం లాంటి చోట్లే నేర్చుకోవాలి. అసలు చాలా గీతలకు రంగే అక్కర్లేదు. గోరుతో అడ్డంగా గీసి చూస్తే గోరు పట్టుకోని గీత లక్కరులోనే ఆగిందని అర్థం, కాంపౌండు పెట్టి రుద్దితే చాలావరకు పోతుంది. నేర్చుకోవాల్సిన మొదటి పాఠం రంగు ఎప్పుడు వేయకూడదన్నదే. గోరు పట్టుకున్నప్పుడు ఏ రంగు అన్న ప్రశ్న వస్తుంది, అక్కడ చరిత్ర నాకు సాయం చేస్తుంది. మీరు ఇప్పటికీ డ్యూకో అంటారే, అది డ్యూపాంట్ కంపెనీ రంగు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు ఆ రంగు వేసింది. అంతకుముందు వార్నిష్ రంగులు పొర మీద పొర వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది, ఇది వచ్చాక పని గంటల్లోకి దిగింది. ఆ రంగు నైట్రోసెల్యులోజ్. అందులో తిన్నర్ ఆవిరైపోతే చాలు, రంగు ఆరినట్టే. లోపల కొత్త రసాయన బంధాలేవీ ఏర్పడవు. కాబట్టి మళ్లీ తిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. రంగు కారితే, దుమ్ము పడితే, షేడు తేడా వస్తే తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. తప్పును వెనక్కి తీసుకోనిచ్చే రంగు అది. దిద్దుకునే వీలుంటేనే కదా నేర్చుకునేది? మీరిప్పుడు వాడే 2కె రంగులో హార్డెనర్ కలుస్తుంది, అణువులు ఒకదానికొకటి అల్లుకుపోతాయి, ఇక కరగదు. పనివాడి చేతిలో అది వరమే, నేర్చుకునేవాడికి మాత్రం అది ఉచ్చు.

పెయింటరు: పుస్తకంలో సరిగ్గానే ఉంది. బండి మీద చూద్దాం. తుడిస్తే పోయే రంగు తుడవకపోయినా పోతుంది మేడం. కొన్నేళ్ల ఎండకు మెరుపు చచ్చిపోతుంది, పాలిష్ పెడుతూనే ఉండాలి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మీరు డబ్బా రంగు కొట్టుకుంటారు, కుదరదు, చివరికి నా దగ్గరికే తెస్తారు. మీ కరిగే రంగు మీద నేను 2కె కొడితే అందులోని ద్రావకం కింది పొరను ఉబ్బిస్తుంది, పై పొర ముడతలు పడుతుంది. అప్పుడు మీ రంగంతా ఇనుము దాకా గీకాలి. ఒక ప్యానెల్ పని రెండు ప్యానెళ్ల పని అవుతుంది. ఆ కూలీ ఎవరిస్తారు? హార్డెనర్ మంచిది కాదని తెలిసీ మేం ఎందుకు వాడుతున్నాం? ఎండకు, వానకు, పెట్రోలుకు నిలిచేది అదే కనక. కాబట్టి మీ ముందున్నవి రెండే దారులు. నిలవని రంగు కొట్టుకోవడం, లేదా నిలిచే రంగు కోసం హార్డెనర్ ముట్టుకోవడం. ఆ రెండోది ఇంట్లో చేయొద్దని నేను ఖరాఖండిగా చెప్తా. దాని ముప్పు వాసనకు కూడా తెలియదు.

లెక్చరర్: ఇక్కడ మీ మాట కాదనడానికి నాకు చదువు అడ్డొస్తుంది. ఆ హార్డెనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో బయటికొచ్చిన మిథైల్ ఐసోసయనేట్ ఈ కుటుంబానిదే. పోలికను సాగదీయకూడదు. అది ఇట్టే ఆవిరయ్యే విషం, హార్డెనర్‌లోవి పెద్ద అణువులు, డబ్బాలో ఉన్నంతసేపూ అంతగా గాల్లోకి లేవవు. గన్‌తో పొగమంచులా చిమ్మినప్పుడే అవి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఒకసారి శరీరం వాటికి ఎదురుతిరగడం మొదలుపెడితే, తర్వాత రవ్వంత తగిలినా ఉబ్బసం వస్తుంది. బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ లెక్క ప్రకారం వాహనాలకు రంగు కొట్టేవాళ్లకు ఉబ్బసం ముప్పు మిగతా కార్మికులకన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువ. ముక్కుకు కట్టుకునే రుమాలు ఇక్కడ పనికిరాదు. బొగ్గు ఫిల్టరు మాస్కు కూడా ఎప్పుడు నిండిపోయిందో చెప్పదు, వాసన తెలియదు కాబట్టి. బయటి నుంచి శుభ్రమైన గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కే దీనికి తగినది. వంటింటి కిటికీ పక్కన, పిల్లలు తిరిగే వాకిట్లో ఈ పని చేయకూడదన్న మీ మాట నిజం. ఆన్‌లైన్‌లో దొరికే 2కె స్ప్రే డబ్బాలదీ ఇదే కథ. అడుగున బొత్తాం నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది, చిమ్మేది అదే పొగ. చేతిలో పట్టేంత చిన్న డబ్బాలో ఉంది కదా అని అది ఇంటి వస్తువైపోదు. అయితే అన్నా, అదే లెక్క మీ షెడ్డుకూ వర్తిస్తుంది కదా? నన్ను వద్దనడానికి పనికొచ్చిన కారణం మీ పిల్లాడికి రుమాలు కట్టి గన్ ఇవ్వడాన్ని ఎలా ఒప్పుకుంటుంది?

పెయింటరు: ఒప్పుకోదు. ఆ మాస్కు ఖరీదు పెట్టుకునే కూలీ మాకు ఎవరూ ఇవ్వడం లేదు, అదీ అసలు సంగతి. గిరాకీ సంగతి ఇప్పుడు చెప్తా. కారు తెచ్చేవాళ్లు మూడు మాటలే అంటారు. రేపటికి కావాలి, తగ్గించు, కొత్తదానిలా ఉండాలి. పుట్టీ కుదురుకోవడానికి టైమివ్వకుండా రంగు కొడితే నెలకు అది కుంగి అంచు తేలుతుంది, అప్పుడు పెయింటరు మోసం చేశాడంటారు. ఇప్పుడు మీలాంటివాళ్లు సగం పని ఇంట్లో చేసుకుని, మిగతా సగానికి సగం పైసలే ఇస్తామంటే మా బతుకేం కావాలి? పెద్ద వర్క్‌షాపులు ఇన్సూరెన్సు పని పట్టుకుపోయాయి. ఊళ్లో షెడ్డుకు మిగిలింది ఈ గీతలు, సొట్టలే.

లెక్చరర్: నేను ఇంట్లో చేసుకున్నంత మేర మీకు పని తగ్గుతుంది, తగ్గదని బుకాయించను. కానీ మీరు చెప్పిన ఆ మూడు మాటలు ఎక్కడి నుంచి పుడుతున్నాయో చూడండి. పని అంటే గన్‌తో రంగు కొట్టడమేనని కారు యజమాని అనుకుంటాడు, కొట్టడానికి అరగంట చాలు. దాని వెనక రుద్దిన గంటలు అతనికి కనిపించవు, కనిపించని గంటలకు ధర కట్టడు. ఒక్క తలుపును తన చేత్తో చదును చేసినవాడు రేపటికి కావాలని అనడు. మన చేతివృత్తులనే చూడండి. నిర్మల్ బొమ్మకు పొనికి చెక్క చెక్కాక చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద పట్టిస్తారు, ఆరాక రుద్దుతారు, తెల్ల పూత వేస్తారు, మళ్లీ నునుపు చేస్తారు, అప్పుడే రంగు. ఆ రంగుల్లో ఇవాళ డ్యూకో కూడా ఉంది. మీ పుట్టీ, ప్రైమర్, రంగు వరసే అది. కొండపల్లిలో అలాంటి పని ఇంటిల్లిపాదీ ఇళ్లలోనే చేస్తూ వచ్చారు. ఇంట్లో సాగిన పని ఇంట్లోనే నేర్చుకోగలిగిందీ అయింది, ఎందుకంటే దానిలో ఎక్కువ భాగం ఓపిక, చేతి స్పర్శ. కాబట్టి నా వాదాన్ని కుదించుకుంటాను. కారుకు రంగు వేయడం ఇంట్లో నేర్చుకోవచ్చన్నాను. ఇప్పుడంటున్నాను, కారును రంగుకు సిద్ధం చేయడం ఇంట్లో నేర్చుకోవాలి. మిగతాది మీ దగ్గర, సగం ధరకు కాదు, ఆ మాస్కు ఖరీదు కూడా కలిపిన ధరకు.

పెయింటరు: ఆ మాట మీద నిలబడితే నేను చెప్పాల్సింది వేరే ఉంది. రుద్దడమంటే చేయి ఊపడం కాదు. ముందు కారును షాంపూ నీళ్లతో కడిగి, జిడ్డు తీసే ద్రావకంతో తుడవాలి. టైర్లకు, డ్యాష్‌బోర్డుకు పూసే పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది, అది రవ్వంత అంటినా పైన వేసిన రంగు చేప కళ్లలా గుంటలు పడుతుంది. రుద్దాక తుడిస్తే ఆ జిడ్డును లోపలికి పట్టించినట్టే. పుట్టీలో కలిపే ఎర్ర ముద్ద రెండు శాతం అటూ ఇటూ చాలు, గట్టిపడాలని ఎక్కువ కలిపితే లేత రంగు మీద మరక తేలుతుంది. పుట్టీని నీళ్లు పోసి రుద్దొద్దు. అది నీళ్లు తాగుతుంది, తర్వాత బుడగలు లేస్తాయి, కింద తుప్పు పడుతుంది. నీళ్ల పేపరు ప్రైమర్ మీదనే. వేళ్లతో నొక్కి రుద్దితే వేళ్ల గాళ్లు పడతాయి, చెక్క బ్లాకు పెట్టి రుద్దాలి. 180 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 320 దాకా రండి, అక్కడ ఆపండి. కన్నును నమ్మొద్దు. పలచని బట్ట వేసి దాని మీద అరచేయి నడిపిస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. తలుపు అంచుల మీద, బాడీ గీతల మీద రుద్దొద్దు, రంగు అక్కడే పలచన. ఇనుము కనిపించిందంటే ఆ రోజో మర్నాడో నా దగ్గరికి తేవాలి, వానాకాలమైతే అదే రోజు. మధ్యలో అందం కోసం డబ్బా రంగు కొట్టి తెచ్చారో, ఒప్పందం రద్దు.

లెక్చరర్: నావి రెండు మాటలు కలపండి. ఒకటి దుమ్ము. గోడల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2017 నవంబర్ 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. ఉమ్మడి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులో తయారైన గోడ రంగైనా దానికి కట్టుబడాల్సిందే. ఆ నిబంధనలు ఇంటి రంగులకే, కారు రంగులకు కాదు. పాత కారు మీది పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండి ఉండొచ్చు. కాబట్టి రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు, పిల్లలు దూరంగా, పని అయ్యాక చీపురు కాదు, తడి గుడ్డ. ఆ గుడ్డ పిండిన నీళ్లు చెరువులోకి పోయే కాలువలో పోయకూడదు. రెండోది చట్టం. ఉన్న రంగే మళ్లీ వేస్తే ఎవరినీ అడగక్కర్లేదు. రంగు మారిస్తే మాత్రం ఆర్సీలో రాసి ఉన్న రంగుకూ బండికీ పొంతన ఉండదు. వాహన చట్టం 52వ సెక్షన్ అలాంటి తేడాను ఒప్పుకోదు కాబట్టి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి. ఆలివ్ గ్రీన్ అయితే అడిగినా ఇవ్వరు, 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వది ఆ రంగును సైన్యానికే కేటాయించింది.

పెయింటరు: ఇంకా ఒక్క సందేహం మిగిలింది. మీలా ఆగేవాళ్లు ఎంతమంది? ప్రైమర్ దాకా వచ్చిన చేయి గన్ పట్టుకోకుండా ఉంటుందా?

ఆ ప్రశ్నకు లెక్చరర్ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. కొందరు ఆగరు. కానీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో 2కె డబ్బా తెప్పించుకుంటున్నవాళ్లకు ఎక్కడ ఆగాలో చెప్పినవాళ్లే లేరు. పూర్తిగా మానేయమంటే వినరు, మొత్తం నేర్చుకోమంటే ఊపిరితిత్తులు ఖరాబవుతాయి. హద్దు గీసి చెప్పడమే మిగిలిన మార్గం. ఆ హద్దు హార్డెనర్ డబ్బా దగ్గర. దానికి ఇవతలి పనంతా ఇంటిది, అవతలిది గాలి గొట్టం మాస్కు ఉన్న షెడ్డుది. అది లేని షెడ్డులో కారు ఇచ్చేటప్పుడు దాని గురించి అడగడం కూడా మన పనే.

ఇక మెదక్‌లో మొదలుపెట్టాలనుకునేవారికి ఒక మాట. వానాకాలం వరి కోతల దుమ్ము సద్దుమణిగాక, జనవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు, పొద్దున మంచు ఆరిన తర్వాత కూర్చోండి. మొదటి పాఠానికి తలుపు వద్దు, బానెట్ వద్దు, వెనక బంపరు తీసుకోండి. అది ప్లాస్టిక్, చేయి తప్పి లోపలిదాకా రుద్దినా తుప్పు పట్టదు.